పెట్టెలో దాచిన యుత్తరములు

మన యిండ్లలో పెండ్లి యీడు వచ్చిన కన్యచేత రుక్మిణీకల్యాణము పారాయణము చేయించుట తరతరముల యాచారము. దీపము వెలిగించి, పీటమీద కూర్చుండబెట్టి, పోతనామాత్యుని పద్యములను తప్పు లేకుండ చదివింతుము. ఆ పద్యములలో నున్న దేమి? అన్నగారు నిశ్చయించిన వరుని నొల్లక, ఒక రాజకన్య తన మనసిచ్చిన పురుషునకు పంపిన సందేశము. దానిని మోసికొనిపోయినవాడు అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుడు. నేటి మాటలో చెప్పవలెనన్న నది ప్రేమలేఖయే. కాళిదాసుని శకుంతల తామరాకుమీద గోటితో వ్రాసినదియు నట్టిదే. వానిని మనము భక్తితో చదువుదుము, పిల్లలచే చదివింతుము. అదే మన యింటి పిల్ల పుస్తకములో ఒక చీటి కనబడెనా, ఇల్లంతయు గడగడ వడకును! ఈ విడ్డూరమును తలచుకొన్నపుడెల్ల మాకు నవ్వును వచ్చును, కొంచెము సిగ్గును కలుగును.

ఈ నెల మేము ముచ్చటింపదలచినది అట్టి యుత్తరములను గూర్చియే. ఇవి మాత్రము పురాణములోనివి కావు. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన మొదటి భారతీయ స్త్రీ, స్వాతంత్ర్యము వచ్చిన పిదప సంయుక్త రాష్ట్రమునకు గవర్నరుగా నుండి 1949 మార్చి 2వ తేదీన లక్నోలో స్వర్గస్థురాలైన సరోజినీదేవి, తన పదునారు పదునేడేండ్ల ప్రాయమున సముద్రముల కావలనుండి ఒక తెలుగు వైద్యునకు వ్రాసినవి. ఆమెను మనము కవయిత్రిగా నెరుగుదుము, ఉప్పు సత్యాగ్రహమున ధరాసనలో ముందు నిలిచిన వీరనారిగా నెరుగుదుము. తెలుగువారి కోడలని ఎరిగినవారు కొందరే. మనసు చిక్కి దిగులుపడిన పిల్లగా నెరిగినవారు మరియు తక్కువ.

సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు వంగదేశీయులు, ఎడింబరోలో శాస్త్రవిద్య నేర్చి డాక్టరు పట్టము పొందినవారు. నేడు నిజాము కళాశాల యని పేరొందిన విద్యాలయమునకు మొదట పాదు వేసినవారు వారే. తల్లి వరదసుందరీదేవి. బిడ్డ పండ్రెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షలో ప్రథమురాలుగా నెగ్గినది. అంతవరకు తలిదండ్రుల గర్వమునకు మేర లేదు. ఆ పిమ్మట కొలది కాలమునకే, తమ బిడ్డ గోవిందరాజులు నాయుడుగారను వైద్యునియందు మనసు నిలిపినదని వారికి తెలిసెను. ఆయన ఆమెకంటె సుమారు పదేండ్లు పెద్ద. భాష వేరు, కులము వేరు. అఘోరనాథులు బ్రహ్మసమాజీయులు, సంస్కరణాభిమానులు. ఐనను తండ్రి తండ్రియే గదా! సమ్మతింపలేదు. 1895లో నిజాము ప్రభువిచ్చిన విద్యార్థి వేతనముతో పదునారేండ్ల పిల్లను ఇంగ్లండునకు పంపిరి. చదువుకొరకు పంపుట నిజమే. దూరము చేయుటకు పంపుటయు నిజమే. మన పల్లెలలో పిల్లను అమ్మమ్మగారింటికి పంపుట యెట్టిదో ఇదియు నట్టిదే, దూరము మాత్రము హెచ్చు.

లండనులోని కింగ్సు కళాశాలలోను, పిదప కేంబ్రిడ్జిలోని గిర్టను కళాశాలలోను ఆమె చదివెను. అచటనుండి గోవిందరాజులుగారికి ఉత్తరములు వ్రాయుచుండెను. ఆనాడు ఉత్తరము సూయజు కాలువ మీదుగా పొగయోడలో రావలెను. వ్రాసినది అందుటకు రెండు మూడు వారములు, బదులు చేరుటకు మరల నన్ని వారములు. అనగా ఈమె అడిగిన ప్రశ్నకు జవాబు చేరునాటికి, అడిగిన పిల్లయే మారిపోయి యుండును.

ఆ యుత్తరములు ఆంగ్లమున నున్నవి. సరోజినీదేవి లేఖలలో ఎంపిక చేసిన వానిని మకరంద పరాంజపేగారు కూర్చగా, 1996లో ఢిల్లీలోని కాళీ ఫర్ వుమన్ అను స్త్రీల ప్రచురణసంస్థ ముద్రించినది. మావారు వానిని చదివి యర్థము చెప్పుచుండగా మేము వింటిమి. (ఒకరి ప్రేమలేఖను భర్తచేత చదివించుకొని వినుటలోని చిత్రమును పాఠకురాండ్రే యూహించుకొందురు గాక, నడుమ నడుమ వారు గొంతు సవరించుకొనుటయు, మేము కూరగాయల బుట్టవంక చూచుటయు జరిగినది.) పదునేడేండ్ల పిల్ల వ్రాసినట్లే యున్నవి. పొంగు హెచ్చు. ఒకచోట ఆకాశమునకెగయును, మరియొకచోట అంతలోనే కంట తడి. లండనులో తాను కలిసికొన్న సాహిత్యవేత్తల ముచ్చట, తన పద్యములను వారు మెచ్చిన సంతోషము అందు కలవు. ఎడ్మండు గాసు అను ఆంగ్ల విమర్శకుడు, ఇంగ్లండు పక్షులను పూలను గూర్చి వ్రాయుట మాని నీ దేశపు హృదయమును చూపుమని ఆమెకు హితవు చెప్పినది ఆ కాలముననే; ఆ మాట ఆయనయే 1912లో ఆమె కావ్యమునకు వ్రాసిన పీఠికలో చెప్పుకొన్నాడు. ఆ హితవు విన్న పిల్లయే రాత్రి కూర్చుండి హైదరాబాదునకు ఉత్తరము వ్రాసియుండెనని తలచినపుడు, ఆ పద్యములకును ఈ లేఖలకును చుట్టరికము లేకపోదని మాకు తోచినది.

ఆ సంపుటములో మనకు వినబడునది ఆమె కంఠమే. గోవిందరాజులుగారి బదుళ్లు అందు లేవు. గడియ వేసిన తలుపున కీవల నిలిచి ఒకరి మాట మాత్రమే వినుచున్నట్లుండును. కాని ఆయన మౌనములోనే ఒక గొప్ప సంగతి కలదు. ఆ కాగితములు నేటికి నిలిచినవనగా, అందుకొన్నవారు వానిని భద్రపరచి యుండవలెను గదా! సాధారణముగా పాత యుత్తరములను దాచునది స్త్రీ, చీర మడతలోనో పోపుల డబ్బా వెనుకనో. ఇచట దాచినవాడు పురుషుడు. పేరు ప్రతిష్ఠ లన్నియు భార్యకు వచ్చినవి, ఊరూర దండలు ఆమెకు పడినవి. ఆయన హైదరాబాదులో రోగుల నాడి చూచుకొనుచు నుండెను. చరిత్రలో ఆయనకు రెండు పంక్తులకంటె దక్కలేదు. మేమైతే ఆయనకు ఒక నమస్కారము చేసితిమి.

1898 సెప్టెంబరులో సరోజిని స్వదేశమునకు మరలివచ్చెను. మూడేండ్ల దూరము మనసును మార్పలేదు. అదే సంవత్సరము డిసెంబరు 2వ తేదీన మద్రాసులో వివాహము జరిగినది. జరిపించినవారెవరు? మన వీరేశలింగము పంతులుగారు! 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన పంతులుగారు, 1883లో స్త్రీలకొరకు సతీహితబోధిని అను పత్రికను నెలకొల్పిన పంతులుగారు. ఇట్టి స్త్రీల పత్రికలు ఏనాటికానాడు పుట్టుచుండుటకు ఆ పత్రికయే గదా దారి చూపినది. ఆ వివాహము 1872వ సంవత్సరపు మూడవ చట్టము ననుసరించి నమోదయ్యెను. ఆ చట్టముక్రింద పెండ్లాడువారు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములలో దేనిని అవలంబించినవారము కామని వ్రాసి యీయవలసి యుండెను. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి తండ్రి యనుమతియు కావలెను. సరోజినికి పందొమ్మిదేండ్లే. కావున ఆ పెండ్లికి అఘోరనాథులు ఒప్పుకొని యుండవలెను. ఆ చట్టము స్థానమున 1954లో వేరొక ప్రత్యేక వివాహ చట్టము వచ్చినది. అందు మతమును కాదనవలసిన పని లేదు.

ఇచట ఒక్క క్షణము మన ప్రాంతమువైపు చూపు త్రిప్పుదము. సరోజిని కేంబ్రిడ్జిలో ఉత్తరములు వ్రాయుచున్న 1897లోనే విజయనగరములోని గురజాడ అప్పారావు పంతులుగారి కన్యాశుల్కము అచ్చయినది. అంతకు అయిదేండ్ల క్రిందట, 1892లో, అది విజయనగరములోనే ప్రథమముగ ప్రదర్శింపబడెను. ఆ నాటకపు తొలికూర్పునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో అప్పారావుగారు ఒక లెక్క నిచ్చిరి. విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములలో శుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లను మూడేండ్లకు లెక్కింపగా 1,034 తేలినవట. ఆ పెండ్లికూతుండ్రలో తొంబదితొమ్మిదిమంది అయిదేండ్లవారు, నలువదినలుగురు నాలుగేండ్లవారు, ముప్పదియార్గురు మూడేండ్లవారు, ఆర్గురు రెండేండ్లవారు, ముగ్గురు ఏడాది పిల్లలు! ఆ యేడాది పిల్లలకు తలకు మూడువందల ఏబది మొదలు నాలుగువందల రూపాయల వెల. ఈ యంకెలను మేము బిగ్గరగా చదువలేకపోయితిమి. ఆ తొంబదితొమ్మిదిమందిలో ఎవతె పెద్దదై అక్షరములు నేర్చెనో, ఎవతె ఎవరికి ఏ యుత్తరము వ్రాసెనో! ఒక్క కాగితమైన మనకు దొరకునా? ఆ కాలమున ఒక పిల్ల తాను కోరినవానికి తన చేతివ్రాతతో ఉత్తరము వ్రాయుట యెంత యరుదో తెలియవలెనన్న, ఈ 1,034 ను ప్రక్కన పెట్టుకొని ఆ లేఖలను చదువవలెను. అపుడు వాని పొంగు నవ్వులాటగా తోచదు.

పెండ్లియైన పిదప సరోజినీదేవి నలుగురు బిడ్డలకు తల్లియయ్యెను: జయసూర్య, పద్మజ, రణధీరుడు, లీలామణి. ఆమె ఇల్లు హైదరాబాదులో గోల్డెన్ త్రెషోల్డు అను పేర ప్రసిద్ధము. 1905లో వెలువడిన తొలి కవితాసంపుటమునకు పెట్టిన పేరే ఇంటికిని వచ్చినది. ఇప్పుడది హైదరాబాదు విశ్వవిద్యాలయమువారి యధీనమున నున్నది. ఇల్లు పేరుకు ఉన్నదే గాని ఇల్లాలు అందున్న దినములు తక్కువ. 1924లో ఆఫ్రికా, 1928–29లో అమెరికా, 1931లో రౌండుటేబిలు సభకొరకు లండను, నడుమ నడుమ చెఱసాల. భార్య దేశము దేశము తిరుగుట, భర్త ఇంటనుండి టపాకొరకు ఎదురుచూచుట! పెండ్లికి ముందటి లేఖలకంటె ఇట్టి నడివయసు లేఖలే మాకు హెచ్చు రుచించినవి. ప్రేమ అను మాట అందు తరచుగా రాదు. బిడ్డల దేహస్థితి, ఇంటి సంగతులు, దారిలో కనబడిన మనుష్యులు, తన యలసట, ఎల్లవేళల ఒక హాస్యము. మన యిండ్లలో ప్రేమ ఎట్లు మాటలాడునో అట్లే.

ఆ కాగితములు ఎక్కడ నున్నవని అడుగుదురేమో. ఆమె కూతురు పద్మజాదేవి 1956 మొదలు 1967 వరకు పశ్చిమ వంగమునకు గవర్నరుగా నుండెను, 1975లో పరమపదించెను. తల్లి వ్రాసినవి, తనకు వచ్చినవి, చెల్లెలికి వచ్చినవి, అన్నియు దాచుట ఆమె స్వభావము. ఆమె పేర ఒక పెద్ద సంచయము ఢిల్లీలో తీన్ మూర్తి భవనమునందలి నెహ్రూ స్మారక గ్రంథాలయమున చేరినది. 2023లో ఆ సంస్థకు ప్రధానమంత్రుల మ్యూజియము, గ్రంథాలయము అని పేరు మార్చిరి. జిన్నాగారి భార్య రత్తీబాయి పద్మజకును లీలామణికిని వ్రాసిన యుత్తరములును ఆ సంచయములోనివే. రత్తీబాయి పదునెనిమిదవ యేట, 1918లో, తండ్రి నెదిరించి జిన్నాగారిని పెండ్లాడినది. 1929 ఫిబ్రవరి 20న, తన పుట్టినదినముననే, ఇరువదితొమ్మిదేండ్లకు కన్ను మూసినది. ఆమె ఒంటరితనము లోకమునకు తెలిసినది స్నేహితురాలు దాచిన కాగితములవలననే. షీలారెడ్డిగారు ఆ దంపతులను గూర్చి 2017లో ప్రకటించిన గ్రంథమునకు ఆ లేఖలే ఆధారము. స్నేహితురాలు గనుక దాచెను. బంధువులైన దాచియుందురా? మాకు నమ్మకము లేదు.

జవాహర్‌లాల్ నెహ్రూగారు పద్మజాదేవికి వ్రాసిన జాబులును ఉన్నవి. కొన్ని ఆయన రచనల సంపుటములలో అచ్చయినవి. వారిరువురి స్నేహమును గూర్చి లోకము పలువిధముల ననుకొన్నది. మే మేమియు ననము. ఆ నెహ్రూగారి కాగితములలోనివే 51 పెట్టెలను 2008లో సోనియాగాంధీగారి తరఫున వెనుకకు తీసికొనిరి. ఎడ్వినా మౌంటుబాటను గారితోను, పద్మజాదేవితోను జరిగిన యుత్తరప్రత్యుత్తరములు వానిలో నున్నవని పత్రికలు వ్రాసినవి. వానినైనను ప్రతులనైనను ఇప్పింపుడని 2024లో ఆ గ్రంథాలయ సభ్యులొకరు కోరిరి. దేశమునకు చెందినవని ఒకరు, కుటుంబమునకు చెందినవని ఒకరు.

ఇంతకు ఉత్తరము ఎవరిది? వ్రాసినవారిదా, అందుకొన్నవారిదా? ఈ తగవు క్రొత్తది కాదు. ఇంగ్లండులో అలెగ్జాండరు పోపు అను కవి, తన జాబులను అనుమతి లేక అచ్చువేసిన కర్లు అను పుస్తకవ్యాపారిమీద వ్యాజ్యము తెచ్చెను. 1741లో న్యాయాధిపతి చెప్పిన తీర్పు నేటికిని చెల్లుచున్నది: కాగితము అందుకొన్నవారిది, అందలి మాటలు వ్రాసినవారివి. అందుకొన్నవారు కాగితమును దాచుకొనవచ్చును. వ్రాసినవారి యనుమతి లేక, వారి యనంతరము వారసుల యనుమతి లేక, అచ్చువేయరాదు. మన దేశపు చట్టమును ఇంచుమించు ఇట్లే. ఎంత చక్కని పంపకము! దీనిని మేము మన యిండ్ల కన్వయింపజూచితిమి. మామగారి యుత్తరములు అత్తగారి పెట్టెలో నున్నవి. ఆమె పోయిన మరునాడే కోడండ్రు పెట్టె తెరచి, బట్టలు పంచుకొని, కాగితములు పొయ్యిలో వేయుదురు. కాగితములు అత్తగారి వారసులవి, మాటలు మామగారి వారసులవి. ఇరుపక్షముల వారసులును ఆ పొయ్యిచుట్టునే యున్నారు గాని, ఒక్కరును నోరు మెదపరు.

సిగ్గువలన కాల్చుదుమందురు. ఆ సిగ్గును మేము త్రోసిపుచ్చము. బ్రతికియున్నవారి యుత్తరము తెరచుట దొంగతనమే. అది కూతురిదైనను, కోడలిదైనను. కాని పోయినవారి విషయము వేరు. తాను కాల్చదలచినచో ఆమెకు చేతినిండ వ్యవధి యుండెను, ఇంటినిండ నిప్పు ఉండెను. నలుబదియేండ్లు కాల్చక అడుగున పెట్టి, పైన పట్టుచీర కప్పి ఉంచినదనగా, ఆమె మనసు ఎటు మొగ్గియుండెనో తెలియుట లేదా? కాల్చుమని నోటితో చెప్పిపోయిన వేరుమాట. అపుడు కాల్చవలసినదే.

మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలోనైతే వేరొక జాతి యుత్తరములు కలవు. వెనుకటి కాలమున ఈ ప్రాంతములనుండి వేలకొలది జనులు కూలికొరకు, కొలువులకొరకు రంగూను వెళ్లెడివారు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుకొన్నపుడు, ఓడలు దొరకనివారు అడవులదారిని నడిచి వచ్చిరి, రానివారును కలరు. రంగూనునుండి ఉత్తరము భార్య పేర రాదు. తండ్రి పేరనో అన్న పేరనో వచ్చును. క్షేమము, మీ క్షేమములకు వ్రాయుచుండవలెను, ఇంత సొమ్ము పంపినాను, ఆవు ఈనినదా, పిల్లవానికి జ్వరము తగ్గినదా. అడుగున నొక చిన్న పంక్తి: ఇంటిలోవారిని జాగ్రత్తగా నుండుమనవలెను. ఆ యొక్క పంక్తియే ప్రేమలేఖ. దానిని వినుటకు ఆమె తలుపుచాటున నిలువవలెను. చదువు రాదు గనుక బడిపంతులో, టపా బంట్రోతో చదివి వినిపింపవలెను. కేంబ్రిడ్జి లేఖలో పుటలకొలది పొంగినదియు, రంగూను కార్డులో ఒక పంక్తిలో అణగినదియు మాకు ఒక్కటిగానే తోచును. మొదటిదానికి పత్రాగారము దొరకినది. రెండవదానికి దూలములకు వ్రేలాడు తీగయే పత్రాగారము. ఆ తీగకు గ్రుచ్చిన కార్డులు ఏ సంక్రాంతి వెల్లవేతలోనో పెంటలో కలిసినవి.

మీ యింట అట్టివి మిగిలియున్న పక్షమున, తెలిసినంతవరకు కొన్ని మాటలు చెప్పెదము. మొదట గుండుసూదులు, ఇనుపతీగ తీసివేయుడు. మన సముద్రపుగాలికి త్రుప్పుపట్టి కాగితమును తినివేయును. చిరుగులకు అంగడిలో దొరకు అంటుపట్టీలు వేయరాదు, కొన్నేండ్లకు పచ్చబడి అక్షరమును మ్రింగును. ప్లాస్టికు పొరలో అతికించుట అంతకంటె చెరుపు. ఎండలో పెట్టిన సిరా వెలిసిపోవును. పూర్వులు తాటాకు గ్రంథములలో వేపాకును వసకొమ్మును ఉంచిన తీరున పెట్టెమూలలో, కాగితమునకు తగులకుండ గుడ్డలో మూటగట్టి ఉంచవచ్చును. చెదలమాట మాత్రము నెలకొకతూరి పెట్టె తెరచి చూచుకొనవలసినదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినపుడు మన జిల్లాలో ఎన్ని పెట్టెలు నానినవో! తడిసిన కాగితములను విడదీయ తొందరపడరాదు. నీడను, గాలి తగులుచోట, నీరు పీల్చు తెల్లకాగితములమీద పరచి, ఆ కాగితములను మార్చుచుండవలెను.

కవరును పారవేయకుడు. లోపల తేదీ వ్రాయుట మరచినవారు అనేకులు. పైని టపా ముద్ర మరువదు. ఎవరికైన పత్రాగారమునకో గ్రంథాలయమునకో ఇచ్చునపుడు, ఇన్ని యేండ్ల వరకు ఎవరికిని చూపరాదని కాగితముమీద వ్రాయించుకొనవచ్చును. అట్టి నియమమును మన్నించుట ఆ సంస్థలకు అలవాటే. మరియొకటి. ఉత్తరములో చిన్నత్త అనియు, తూర్పింటి బావ అనియు ఉండును. వారెవరో మీకు తెలియును, మీ మనుమరాలికి తెలియదు. ఒక మధ్యాహ్నము ఇంటి పెద్దముత్తైదువను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ పేర్లను వెనుకవైపున సీసపు పెన్సిలుతో, ఒత్తకుండ, సన్నగా వ్రాసిపెట్టుడు. సిరాతో వద్దు.